వంకాయ అమ్మకానికి ఉంది

ఏప్రిల్ 6, ఆదివారం

ఉదయం 10:15. నిర్ణయం తీసుకున్నాను. కారు అమ్మేస్తున్నాను!

కొత్త డైరీ కాబట్టి మొదటినుంచీ రాస్తాను. వంకాయ అంటే నా కారు. తొంభై మూడో మోడల్ జపాన్ స్పోర్ట్స్ కారు. రెండు తలుపులు, రెండు సీట్లు, మోకాలెత్తున నేలని అంటుకుని పోతుంది. రంగు వల్ల ఆ పేరు. దానితో పుట్టిన ఇంజన్ నాలుగేళ్ళ కిందట ఊపిరి వదిలేసింది. అప్పటికి నాకు ఇరవై. పక్కింటి వర్న్ గారు పళ్ళు ప్యాక్ చేసే మిల్లులో నలభై ఏళ్ళు యంత్రాలు బాగుచేసి రిటైరయ్యారు. ఆయనా నేనూ తుక్కు కొట్లో ఒక అమెరికా పికప్ బండి ఇంజన్ పట్టుకొచ్చి దీంట్లో ఇరికించాం. ఎనిమిది సిలిండర్లు. ఇరికించడానికి పద్నాలుగు నెలలు పట్టింది. మా ఆపిల్ తోటల ఊరు యాకిమాలో ఇలాంటిది ఇంకొకటి లేదు.

ఎందుకు అమ్మడం? నాకిప్పుడు ముప్పైనాలుగో వారం. మే 20న బిడ్డ పుడుతుందని డాక్టరు లెక్క. నిన్న పోస్టులో పాప సీటు వచ్చింది, కారులో పసిబిడ్డని కట్టి కూర్చోబెట్టేది. గారెట్ దాన్ని తీసుకెళ్ళి కారులో రెండో సీటు మీద పెట్టి చూశాడు. అది రేసు సీటు, లోతుగా గిన్నెలా ఉంటుంది. గిన్నెలో గిన్నె పెట్టినట్టు ఇటూ అటూ ఊగింది. గారెట్ బయటికి తీసి, పట్టుకుని నిలబడి, "దీన్ని ఎక్కడ పెడదాం బ్రెన్నా? బానెట్ మీదా?" అన్నాడు.

గారెట్ నా మొగుడు. ప్లంబరు. కంపెనీ వ్యాన్ ఉంది గానీ దాంట్లో పైపులు తప్ప మనుషులు ఎక్కకూడదని రూలు. అంటే ఇంటికి ఉన్న బండి వంకాయ ఒక్కటే.

ఒప్పందం:
– ఏప్రిల్ 30 లోపల అమ్మకం.
– ఆ డబ్బుతో నాలుగు తలుపుల బండి.
– ఏడవకూడదు. (ఏడిస్తే షెడ్డులో.)

చాలా తేలిగ్గా ఉంది మనసు. ఇన్నాళ్ళు ఎందుకు అమ్మలేదో!

ఏప్రిల్ 7, సోమవారం

కారు కడిగాను. స్టీరింగ్ పొట్టకి తగులుతోంది. సీటు చివరిదాకా వెనక్కి జరిపితే పొట్ట బాగుంది గానీ క్లచ్ అందడం లేదు. షెడ్డులోంచి బయటికి తియ్యడానికి పదకొండు నిమిషాలు. దిగడానికి ఇంకా ఎక్కువ. చివరికి బోర్లాపడ్డ తాబేలులా పక్కకి దొర్లి దిగాను.

అమ్మకం ప్రకటన రాయడం కూడా అయిపోయింది. కాలేజీలో రచన క్లాసు సారు ఎప్పుడూ అంటాడు, ప్రతి వాక్యానికీ ఏదో ఒక పని ఉండాలి, పని లేనిదాన్ని ఇంటికి పంపించెయ్యండి అని. అందుకని పద్నాలుగు మాటలతో సరిపెట్టాను:

"అమ్మకానికి: 93 జపాన్ స్పోర్ట్స్ కారు. ఇంజన్ మార్చినది. వంకాయ రంగు. బాగా పరిగెడుతుంది. ధర 18,500 డాలర్లు."

సాయంత్రం 6:10కి ఇంటర్నెట్‌లో పెట్టాను. 6:12కి మొదటి కబురు! "ఉందా?"

"ఉంది!" అన్నాను. గారెట్ నన్ను ఎత్తబోయి, ఆలోచించి, మానేశాడు.

ఏప్రిల్ 8, మంగళవారం

"ఉందా?" అని నలభై ఒక్క మంది అడిగారు. "ఉంది" అని నలభై ఒక్క మందికీ చెప్పాను. ఆ తర్వాత ఒక్కడూ నోరు మెదపలేదు. ఉందని తెలుసుకుని హాయిగా నిద్రపోవడానికేనేమో ఇంతమంది అడిగింది.

ఏప్రిల్ 9, బుధవారం

డబ్బు ఇస్తామన్నవాళ్ళు: సున్నా.

బదులుగా ఇస్తామన్నవి:
నీళ్ళ మీద నడిపే స్కూటర్ (ఇంజన్ లేదు).
వేణ్ణీళ్ళ తొట్టి, ఆరుగురు కూర్చోవచ్చు.
రెండు లామాలు, ఒంటెకీ గొర్రెకీ మధ్యగా ఉండే జంతువులు. ఒకటి ఉమ్ముతుందట, ముందే చెప్పాడు. నిజాయితీపరుడు.
ఒకతను తన తమ్ముడి పడవ ఇస్తానన్నాడు. తమ్ముడికి తెలుసా అంటే ఇంకా చెప్పలేదన్నాడు.

లామాల ఫోటో గారెట్‌కి చూపించాను. వీటికి నాలుగు తలుపులున్నాయా అని అడిగాడు.

ఏప్రిల్ 11, శుక్రవారం

తప్పు ప్రకటనదే. పద్నాలుగు మాటల్లో ఏం తెలుస్తుంది ఎవరికైనా? మళ్ళీ రాశాను. ఉదయం 9 నుంచి 1 దాకా. నాలుగు వందల ముప్పై మాటలు. ప్రతి వాక్యానికీ పని ఉంది, నేనే చూశాను.

చలికాలం పొద్దున స్టార్ట్ చేస్తే మొదట దగ్గుతుందని, గొంతు సవరించుకున్నాక ఇక ఆగదని రాశాను. మూడో గేరులో సెలా కాలువ పక్క రోడ్డు మీద వెళ్తుంటే వీపుకి వచ్చే ఆ తోపుడు గురించి ఒక పేరా. వర్న్ గారు ఇంజన్ కింద పడుకుని పాడే పాట గురించి ఒక వాక్యం. అది తీసెయ్యొచ్చు. తియ్యలేదు.

గారెట్ చదివాడు. "కారు అమ్ముతున్నావా, సంబంధం చూస్తున్నావా?"

సాయంత్రానికి యాభై కబుర్లు. ముగ్గురు ఏడ్చారట. పదిహేడు మంది ఒకటే మాట: దయచేసి అమ్మకండి.

ఏప్రిల్ 13, ఆదివారం

ఒకతను చూడ్డానికి వచ్చాడు, వాళ్ళ అమ్మతో. ఇరవై రెండేళ్ళుంటాయి. మర్యాదస్తుడే. చేతిలో కవరు. కవరు లావుగా ఉంది.

నేను అడిగినవి: షెడ్డు ఉందా? (ఉందట.) వానలో నిలబెడతావా? (పెట్టడట.) గేర్లు మార్చడం ఎవరు నేర్పారు? (తాతయ్య.) వాళ్ళమ్మ మధ్యలో నన్ను అడిగింది, మా అబ్బాయి కారు కొంటున్నాడా, ఉద్యోగానికి వచ్చాడా అని.

అంతా బాగానే ఉంది. అప్పుడు అతను బానెట్ మూశాడు. ఎలా? పైనుంచి వదిలేశాడు! ధడేల్‌మని! వంకాయ బానెట్‌ని రెండు అరచేతులతో దించి, చివర్లో చిన్నగా నొక్కాలి. పసిపిల్లాణ్ణి పడుకోబెట్టినట్టు.

ఇంకా ఇద్దరు చూడాల్సి ఉంది, కబురు పెడతానని చెప్పి పంపించేశాను. ఇంకా ఇద్దరెవరూ లేరు.

గారెట్ అడిగితే, ఆలోచించుకుంటానన్నాడని చెప్పాను. ఆలోచించుకుంటున్నది నేనని చెప్పలేదు.

వర్న్ గారు కంచె మీదుగా అంతా చూశారు. "కవరు చూశానమ్మాయ్" అన్నారు. అంతే. పొద్దున్నే ఆయనకి రూబార్బ్ పై, ఆ పుల్లటి కాడల తీపి వంటకం, ఒకటి చేసి ఇవ్వాలి. ఆయన పైకి అనలేదు గానీ, గారెట్‌కి చెప్పకుండా ఉండటానికి బేరం అదే.

ఏప్రిల్ 16, బుధవారం

టోపీ పెట్టుకున్న పెద్దమనిషి. వంకాయ చుట్టూ మూడుసార్లు నెమ్మదిగా తిరిగాడు, చావింట్లో తిరిగినట్టు. బానెట్ ఎత్తి, ఎనిమిది సిలిండర్ల వైపు చూసి కళ్ళు మూసుకున్నాడు.

అసలు ఇంజన్ ఏదని అడిగాడు. పోయిందన్నాను. జపాన్ వాళ్ళు ఎంత బరువు ఎక్కడ ఉండాలో గ్రాముల లెక్కన తూచి చేసిన బండిలో పికప్ ఇంజన్ పెట్టడం ఎలాంటిదో నలభై నిమిషాలు చెప్పాడు. అసలు ఇంజన్ ఉంటే ఇప్పుడే కొనేవాణ్ణన్నాడు. నిన్న ఫోన్ చేసినతను దానికి సరిగ్గా ఎదురు: ఇంజన్ ఒక్కటే ఇస్తే కొంటాడట, కారు అక్కర్లేదట. వంకాయ కావలసినవాళ్ళందరికీ వేరే కారు కావాలి.

పోతూ పోతూ టోపీ ఆయన కింద చూసి, "ఆయిల్ కారుతోంది" అన్నాడు.

అవును. వారానికి మూడు చుక్కలు. ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే ఆయిల్ సీలు. నాకు ఏడాదిగా తెలుసు. నాలుగు వందల ముప్పై మాటల్లో ఆ మూడు చుక్కలు రాయలేదు. చాలా సిగ్గేసింది.

కారే కారుని అమ్మడం మోసం కదా? ముందు అది బాగుచేసి, ఆ తర్వాత అమ్ముతాను. ప్రకటన ఒక్క వారం తీసేస్తున్నాను. ఒక్క వారమే.

ఏప్రిల్ 19, శనివారం

సీలు ఖరీదు ఇరవై రెండు డాలర్లు. చూపుడు వేలంత మందం. కానీ దాన్ని మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి.

ఉదయం 9. నేను కారు కిందికి వెళ్ళబోయాను. పొట్ట ఆపేసింది. వర్న్ గారు నాకు మడతకుర్చీ వేసి, పొడుగాటి స్క్రూడ్రైవర్ చేతికిచ్చి, "నువ్వు చూపించు, నేను విప్పుతా" అన్నారు. డెబ్భై ఒక్క ఏళ్ళు ఆయనకి. కిందికి దూరేటప్పుడు ఆయన నడుమూ, పైన కూర్చున్నప్పుడు నా నడుమూ ఒకేసారి మూలిగాయి.

మధ్యాహ్నం 2. గేర్‌బాక్స్ నేల మీదుంది. ఆయిల్ సీలు కనిపిస్తోంది. మార్చేసి మూసెయ్యడమే!

2:05. కింద నుంచి వర్న్ గారి గొంతు: "ఎలాగూ దింపాం కదా, క్లచ్ కూడా ఒకసారి చూద్దామా?"

నేను వద్దనాలి.

ఏప్రిల్ 20, ఆదివారం

క్లచ్ అరిగింది. ఎలాగూ దింపాం కదా, కొత్తది తెప్పించాం.

ఏప్రిల్ 22, మంగళవారం

క్లచ్ మార్చడానికి వెనకాల చోటు చాలడం లేదు. ఇంజన్ కొంచెం ఎత్తితే చాలు. ఎలాగూ ఎత్తుతున్నాం కదా, పూర్తిగా పైకి తీస్తే అన్నీ శుభ్రంగా కనిపిస్తాయన్నారు వర్న్ గారు. ఆయన అనలేదు. నేను అన్నాను. డైరీకి అబద్ధం ఎందుకు.

సాయంత్రం 4. ఇంజన్ చైన్ కప్పీకి వేలాడుతోంది. ఆపిల్ పూల రేకులు గాలికి ఎగిరివచ్చి దాని మీద అంటుకున్నాయి. ఎంత అందంగా ఉందో!

ఏప్రిల్ 24, గురువారం

విప్పిన ప్రతి బోల్టునీ వేరే వేరే ప్లాస్టిక్ సంచిలో వేసి, పైన చీటీ అంటిస్తున్నాను. శ్రద్ధగా చెయ్యాలి. ఇవాళ్టికి నూట ముప్పైయేడు సంచులు. ఉత్త నంబర్లు వేస్తే మర్చిపోతాం, అందుకని వివరంగా రాస్తున్నాను.

సంచి 12: "పై బోల్టు. మొండిది. ముందు కొంచెం ఎడమకి తిప్పి నమ్మకం కలిగించి, అప్పుడు కుడికి బిగించాలి."

సంచి 58: "రేడియేటర్ పైపు బిగింపులు. అన్నీ ఒకేలా ఉంటాయి, ఒకేలా ఉండవు. గీత ఉన్నది కింద."

సంచి 91: "ఇది ఎక్కడిదో తెలీదు. పోతే మాత్రం బండి కదలదు."

అటక మీద ఉన్న పాత సీటు కూడా కిందికి దింపించాను. రేసు సీటు పెట్టకముందు వంకాయకి ఉన్న అసలు సీటు అది, బెల్టుతో సహా దుప్పట్లో చుట్టి దాచాం. కొనేవాడికి ఇవ్వాలని చీటీ రాశాను. తర్వాత ఆ చీటీ చింపి ఇంకోటి రాశాను: "పాత సీటు, పాత బెల్టు. మా రెండో షికారులో గారెట్ దీని అంచు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఇవ్వకూడదు."

ఏప్రిల్ 25, శుక్రవారం

గారెట్ తొందరగా వచ్చాడు. షెడ్డు తలుపు తీశాడు. ఇంజన్ ఒకచోట, గేర్‌బాక్స్ ఒకచోట, బానెట్ దుప్పటి కప్పుకుని గోడకి ఆనుకుని, నూట ముప్పైయేడు సంచులు వరసగా.

"అమ్ముతానన్నావు" అన్నాడు. "ఇదేంటి, పోస్టుమార్టమా?"

సీలు సంగతి చెప్పాను. మూడు చుక్కల సంగతీ, నిజాయితీ సంగతీ. వర్న్ గారు ఉన్నట్టుండి తనింట్లో పొయ్యి మీద ఏదో ఉందని గుర్తు తెచ్చుకున్నారు.

గారెట్ కోప్పడితే బాగుండేది. మడతకుర్చీలో కూర్చుని చేతులు చూసుకున్నాడు.

"నాకు భయంగా ఉంది బ్రెన్నా. నీకు నొప్పులొచ్చేసరికి నేను ఏ ఇంటి చెక్కనేల కింద, ఏ పైపు దగ్గర ఉంటానో. నువ్విక్కడ ఒక్కదానివి. ఇంట్లో ఉన్న ఒక్క బండీ సంచుల్లో ఉంది."

నా జవాబు డైరీకే చెబుతున్నాను. జీవితంలో నేను మొదలుపెట్టి పూర్తిచేసింది ఇదొక్కటే. ఇది పోతే, నువ్వేం చేశావని ఎవరైనా అడిగినప్పుడు చూపించడానికి ఏముంది? అమ్మేశాక కొన్నవాడు తన కారంటాడు.

కొత్త ఒప్పందం: మే 10కి బండి కదలాలి. అదే రోజు అమ్మకం. ఈసారి చేతిలో చెయ్యేసి చెప్పాను.

ఏప్రిల్ 29, మంగళవారం

ప్రకటన ఇంకా తీసెయ్యలేదు! మర్చిపోయాను! (నిజంగా.)

యొలాండా అనే ఆవిడ చెప్పకుండా వచ్చేసింది. యాభై దాటి ఉంటాయి, నెరిసిన జడ, స్కూలు బస్సు నడుపుతుంది. ప్రకటన రెండుసార్లు చదివిందట. ఇంజన్ బయట ఉందని చెబితే, "మంచిదే, లోపల చూడొచ్చు" అంది. బకెట్ బోర్లించి కూర్చుని ఒక్కొక్క సంచి మీద రాత చదివింది. సంచి 91 దగ్గర గట్టిగా నవ్వింది. దాన్ని చేత్తో తడిమి, గేరు కడ్డీ కిందిదని చెప్పింది. నిజమే!

వెళ్ళేటప్పుడు, గోడకానించిన బానెట్ మీంచి దుప్పటి జారింది. ఎవరూ చెప్పకుండానే ఆవిడ వెనక్కి వచ్చి దాన్ని రెండు చేతులతో ఎత్తి, అంచుల దాకా కప్పి, చివర్లో చిన్నగా నొక్కింది.

బండి కదిలితే అడిగిన ధర ఇస్తానంది. బేరం లేదు, లామాలు లేవు.

నేను సంతోషించాలి. సంతోషిస్తున్నాను. షెడ్డులో కొంచెంసేపు సంతోషించాను. గారెట్ వచ్చేసరికి కళ్ళు కడుక్కున్నాను.

మే 4, ఆదివారం

ఇంజన్ ఎక్కించాల్సిన రోజు. ఎక్కించలేదు. ఇంజన్ కూర్చునే చోటు మురికిగా ఉంది. యొలాండాలాంటి మనిషికి మురికి బండి ఇస్తామా? ఎలాగూ ఖాళీగా ఉంది కదా, రంగు వేశాం. రెండు పూతలు. ఆరడానికి మూడు రోజులు.

మే 8, గురువారం

ఇంజన్ లోపల కూర్చుంది! గేర్‌బాక్స్ కూడా! వైర్లూ పైపులూ సైలెన్సరూ మిగిలాయి. ఎల్లుండి యొలాండా వస్తుంది. ఇంకా నలభై సంచులు. సరిపోతుంది.

మే 9, శుక్రవారం

మధ్యాహ్నం 1:40. రేడియేటర్ పైపులు. నడుం లాగుతోంది. మడతకుర్చీ వల్ల.
2:02. సంచి 58. మళ్ళీ లాగింది.
2:14. సైలెన్సర్ బోల్టులు, ఆరు. మళ్ళీ.
2:24. పది నిమిషాలు.
2:32. ఎనిమిది. ఇది కుర్చీ కాదు.
2:38. ఆరు. వర్న్ గారిని పిలిచాను. కారు కింద ఉన్నారు. "ఒక్క బోల్టమ్మాయ్" అన్నారు. "నాకు బోల్టు కాదు, బిడ్డ" అన్నాను. అంత వేగంగా ఆయన కారు కిందనుంచి రావడం నాలుగేళ్ళలో చూడలేదు. పరుగులో తల తగిలింది కూడా.

గారెట్ పక్క ఊరు సెలాలో ఎవరింటి కిందో ఉన్నాడు. ఫోన్ మోగుతోంది, తియ్యడం లేదు. అచ్చం తను చెప్పినట్టే.

2:50. వర్న్ గారి పికప్. డెబ్భై ఎనిమిది మోడల్, ఒకటే పొడుగు సీటు, కుక్క వాసన, పాత ఆపిల్ వాసన. ప్రతి గుంత దగ్గరా ఆయన నాకు క్షమాపణ చెబుతున్నారు, నేను గుంతని తిడుతున్నాను. రాయడం ఆపుతు

మే 11, ఆదివారం

ఆడపిల్ల. నిన్న తెల్లారి 5:20. ఆల్మా. గారెట్ శుక్రవారం సాయంత్రమే వచ్చేశాడు, బట్టల నిండా బురదతో. నర్సు అతన్ని ఆ బురదతో లోపలికి రానివ్వలేదు. ఆసుపత్రి వాళ్ళ పచ్చ చొక్కా తొడుక్కుని పాపని ఎత్తుకున్నాడు.

పాప కాలికి చిన్న ప్లాస్టిక్ చీటీ కట్టారు, పేరూ నంబరూ రాసి. అది చూసి నాకు నవ్వాగలేదు. నూట ముప్పై ఎనిమిదో సంచి. కొత్తది. ఎక్కడిదో తెలుసు.

కానీ ఒక చిక్కు. రేపు పంపిస్తారట. పాప సీటు బండిలో సరిగా బిగించారో లేదో నర్సు కిందికి వచ్చి చూస్తేగానీ వదలరు. వర్న్ గారి పికప్ గురించి గారెట్ అడిగాడు. ఆ పొడుగు సీటులో ఉన్న బెల్టుల్ని నర్సు చూసి, ఇవి ఎవరైనా ఎప్పుడైనా పెట్టుకున్నారా అని అడిగిందట. వీల్లేదంది.

గారెట్ నిన్నటిలాగే ఇవాళ కూడా ఇంటికెళ్ళి పడుకుని వస్తానన్నాడు. సాయంత్రం వచ్చాడు. పాపని ఎత్తుకుంటుంటే చూశాను. గోళ్ళ కింద నలుపు. మూడుసార్లు తోముకున్నా పోని నలుపు. ఆ నలుపు నాకు బాగా తెలుసు.



మే 12, సోమవారం

ఉదయం 11. చక్రాల కుర్చీలో కిందికి తెచ్చారు, ఒళ్ళో ఆల్మా. పార్కింగ్ దగ్గరికి రాకముందే విన్నాను. మొదట దగ్గు. తర్వాత గొంతు సవరింపు.

వంకాయ! మెరుస్తూ, మొత్తంగా! పక్కన గారెట్, చెంప మీద నూనె. వెనకాల వర్న్ గారి పికప్.

రెండు రోజులు నా చీటీలు చదువుకుంటూ ఇద్దరూ బిగించారట. పన్నెండో సంచి బోల్టుకి నమ్మకం కలిగించాడట గారెట్. ఒక్కచోటే తికమకపడ్డారు. శుక్రవారం నేను సంచి మీద కూడా రాసుకున్న పది, ఎనిమిది, ఆరు చూసి సైలెన్సర్ బోల్టులు ఎంత బిగించాలో ఆ లెక్క అనుకుని ఒక పూట పోగొట్టుకున్నారు. అవి నా నొప్పులని వర్న్ గారే కనిపెట్టారు. "మీ ఆవిడ తనని తాను బిగించుకున్న లెక్కయ్యా ఇది" అన్నారట.

రేసు సీటు లేదు. దాని చోట దుప్పట్లోంచి తీసిన పాత సీటు, పాత బెల్టు. దాని మీద పాప సీటు, ఊగకుండా. నర్సు వంగి అటూ ఇటూ గుంజి చూసింది. వెనక సీటు ఉంటే అదే మంచిదంది, ఇందులో లేదు కాబట్టి, ఇంత పాత బండికి ఆ వైపు ఎయిర్‌బ్యాగ్ కూడా లేదు కాబట్టి, ఇది సరేనంది. పాప సీటు పట్టదని ఏ కారునైతే అమ్మబోయానో, పాపని ఎక్కించడానికి నర్సు ఒప్పుకున్న బండి అదొక్కటే.

"అద్దె బండి తీసుకోవచ్చు కదా" అన్నాను గారెట్‌తో.

"తీసుకోవచ్చు" అన్నాడు. బెల్టు సరిచూస్తున్నట్టు నటిస్తూ, "ఎవరినీ అడగలేదు."

అప్పుడు తట్టింది. డ్రైవరు సీటు ఒకటి, పాప సీటు ఒకటి. మరి నేను?

కుట్లతో ఆ లోతు డ్రైవరు సీటులోకి నేను దిగలేను కూడా. గారెట్ వంకాయ నడిపాడు, పక్కన ఆల్మా. నేను వర్న్ గారి పికప్‌లో, కుక్క వాసనలో, వెనకాల. కిటికీ దించి కూర్చున్నాను. ఇన్నేళ్ళలో ఆ ఇంజన్‌ని నేనెప్పుడూ బయటినుంచి వినలేదు, ఎప్పుడూ లోపలే ఉన్నాను. ముసలి బస్సులా మెల్లగా, ముప్పై దాటకుండా, ప్రతి మలుపులోనూ లోతుగా గుర్రుపెడుతూ పోయింది. ఎదురొచ్చేవాళ్ళు తలలు తిప్పి చూశారు.

"మనం చేసిందేనా అది?" అన్నాను.

"మనమే అమ్మాయ్" అన్నారు వర్న్ గారు. ఆయన కూడా కళ్ళు తుడుచుకున్నారు. దుమ్మన్నారు.

ఇంటికి వచ్చేసరికి ఆల్మా నిద్రపోయింది. ఇంజన్ ఆపగానే లేచింది.

మే 15, గురువారం

ఆల్మా దేనికీ నిద్రపోదు. జోలకీ, ఊయలకీ, నడకకీ. షెడ్డు తలుపులు బార్లా తెరిచి వంకాయని రోడ్డు మీదకి తీసి స్టార్ట్ చేస్తే, వాకిట్లో ఉన్న నా భుజం మీద నాలుగు నిమిషాల్లో నిద్ర. గారెట్ రోజుకి మూడుసార్లు స్టార్ట్ చేస్తున్నాడు. పాప కోసమే అంటాడు. నిన్న పాప నిద్రలో ఉండగా కూడా చేశాడు.

మే 17, శనివారం

యొలాండా వచ్చింది, చెప్పినట్టే కవరుతో, ఒక వారం ఆలస్యంగా. పాపకి అల్లిన టోపీ తెచ్చింది.

నేను తాళాలు తెచ్చాను. నిజంగా తెచ్చాను, చేతిలో పెట్టుకుని వాకిట్లోకి నడిచాను. ముగ్గురం ఒక్క బండిలో ఎక్కడికీ పోలేం, మంగళవారం డాక్టరు దగ్గరికి కూడా. ఆ సంగతి నాకు తెలుసు.

ఈలోపల గారెట్ ఆవిడతో మాట్లాడుతున్నాడు. మూడో గేరులో చిన్న శబ్దం వస్తోందట. ఇలా ఇవ్వడం న్యాయం కాదట. ఒక్క వారం ఆగితే చూసి ఇస్తాడట.

మూడో గేరులో ఏ శబ్దమూ లేదు. నాకు తెలుసు. వర్న్ గారికి తెలుసు. యొలాండా బానెట్ ఎత్తి, బండి స్టార్ట్ చేసి, తల పక్కకి వంచి ఒక నిమిషం విని, ఆపేసింది. ఆవిడకీ తెలిసిపోయింది.

కవరు మళ్ళీ సంచిలో పెట్టుకుని గారెట్ భుజం తట్టింది. "బాబూ, మా షెడ్డులో రెండున్నాయి. పన్నెండేళ్ళుగా అమ్ముతున్నాను" అంది. "మూడోదానికి చోటెక్కడని మా ఆయన గొడవ. శబ్దం పోయినప్పుడు చెప్పండి. పోకపోతే ఇంకా మంచిది."

బానెట్ తనే మూసి వెళ్ళింది. రెండు అరచేతులతో.

మే 18, ఆదివారం

ఉదయం 10:15. నిర్ణయం తీసుకున్నాను. కారు అమ్మేస్తున్నాను!

ఈసారి వేరు. ఈసారి ఇద్దరం కలిసి తీసుకున్నాం. చేతిలో చెయ్యి, చేతుల మధ్య ఆల్మా చెయ్యి. జూన్ 30 లోపల అమ్మకం. ఆ డబ్బుతో నాలుగు తలుపుల బండి. అందాకా డాక్టరు దగ్గరికి అద్దె బండి. పాత సీటు ఇవ్వం. ఏడవం.

ప్రకటన కూడా రాసేశాను. పద్నాలుగు మాటలు. ఒక్కటి ఎక్కువ లేదు. సాయంత్రం పెడతాను.

11:40. షెడ్డులోంచి స్పానర్ చప్పుడు. గారెట్‌తోపాటు వర్న్ గారి గొంతు కూడా.

11:45. కిటికీ దగ్గర నిలబడి విన్నాను. గారెట్ గొంతే:

"ఎలాగూ చక్రం విప్పాం కదా..."

ఆల్మాని ఎత్తుకుని వెళ్తున్నాను. ఆపడానికే. సంచులు తీసుకుని.